మావగారు ఛార్జింగ్ పెట్టిన బండి

మా మావగారు పోయారు. కబురు అందేసరికి నేను కృత్తివెన్ను దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాను. నీళ్ళ సీసాకి మూత బిగిస్తుంటే ఫోను మోగింది. అత్తయ్య. ఆవిడ ఏడవలేదు. "అమ్మాయ్, మీ మావయ్య పొద్దున కాఫీ తాగి మంచం మీద వాలాడు. ఇంక లేవలేదే. నువ్వు నిదానంగా రా, బండి మీద తొందరపడకు" అంది. అంత దుఃఖంలోనూ ఆవిడకి నా బండి సంగతి గుర్తుంది. ఆ ఇంట్లో అలా గుర్తుండేలా చేసిన మనిషి ఆయనే.

బందరులో ఆయన్ని ఎరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. చిన్నప్పుడు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళారు. తర్వాత గిలకలదిండి హార్బరులో చేపల వేలంపాట దగ్గర కాటా పట్టారు. అయితే పెద్దవయసులో ఊరికి ఆయన ఇంకో రకంగా తెలుసు. సైకిలు క్యారేజీ మీద గోనెసంచి పరిచి, దాని మీద మోటార్ సైకిల్ బ్యాటరీ కట్టుకుని కోనేరు సెంటర్ వైపు తొక్కుకుంటూ వెళ్ళే పెద్దాయన. కొడుకు పోయాక మనసు చెదిరిందని, అందుకే ఎవరూ ఎక్కని బండికి సేవ చేస్తున్నాడని కొందరు అనుకున్నారు. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. అసలు సంగతి ఏమిటో చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన ఒక్కగానొక్క కొడుకు నా భర్త. ఆ కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడు. రొయ్యల చెరువులకి మందులు, మేత అమ్మే కంపెనీలో పనిచేసేవాడు. ఊళ్ళు తిరగడానికని సెల్ఫ్ స్టార్టు ఉన్న కొత్త మోటార్ సైకిల్ కొనుక్కున్నాడు. మీట నొక్కితే స్టార్టయ్యే బండి మా వీధిలో అదే మొదటిది. కొన్న ఏడాదికే కామెర్లు వచ్చాయి. ఎన్ని ఆసుపత్రులు తిరిగినా మనిషి దక్కలేదు. అప్పటికి మా పాపకి మాటలు కూడా సరిగా రాలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు మావగారి అన్నయ్య వచ్చారు. మంచి మనిషే, ఇంటి మంచి కోరే అన్నారు.

"బండి ఊరికే తుప్పు పట్టిపోద్దిరా. మా వోడికిచ్చెయ్. వాడుకుంటాడు."

"ఇవ్వను అన్నయ్యా."

"నీకు నడపటం రాదుగా?"

"రాదు."

"మరి దాచుకుని ఏం చేసుకుంటావు?"

మావగారు లేచి వెళ్ళి వసారాలో ఉన్న బండి మీద పాత తెరచాప గుడ్డ కప్పి, అంచులు ఇటుకలతో అదిమి పెట్టారు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు గుడ్డ తీసి, తాళం తిప్పి, మీట నొక్కారు. టిక్కుమని ఒక చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే అదీ లేదు. ఆ చప్పుడు లోపల గదిలో ఉన్న నాకు వినబడింది. నేను లేవలేదు. ఆ రోజుల్లో నేను దేనికీ లేచేదాన్ని కాదు. మా అమ్మానాన్నలు నాగాయలంక నుంచి వచ్చి తీసుకెళ్తామంటే వెళ్ళలేదు. ఉన్న చోట ఉన్నట్టూ లేను. పాపకి అన్నం కూడా అత్తయ్యే పెట్టేది.

మావగారు మెకానిక్కుని పిలుచుకొచ్చి బ్యాటరీ విప్పించారు. ఎలా విప్పుతున్నాడో పక్కనే కూర్చుని చూశారు. దాన్ని సైకిలు మీద కట్టుకుని బ్యాటరీల షాపుకి తీసుకెళ్ళారు. అక్కడ జరిగిన మాటలు తర్వాత ఆయనే ఎన్నోసార్లు చెప్పారు.

"నడపకుండా వదిలేశారండీ. వాడకపోయినా బ్యాటరీ దానంతటదే దిగిపోద్ది. అట్టా దిగిపోయి పడుంటే లోపల రేకులకి సల్ఫేటు పేరుకుని ఇంక ఛార్జింగు నిలవదు. ఎవరూ నడపనప్పుడు అమ్మేసుకోండి మావయ్యగారూ" అన్నాడట షాపతను.

"అది తర్వాత. బతుకుద్దా బతకదా, అది చెప్పు."

"సన్నగా ఎక్కిస్తే బతకొచ్చు. గబగబా ఎక్కిస్తే వేడెక్కి పాడైపోద్ది."

బతికింది. మావగారు మళ్ళీ సైకిలు మీద తెచ్చి, తనే బిగించి, మీట నొక్కారు. బండి మోగింది. ఆ శబ్దం నా భర్త ఇంటికొచ్చే శబ్దం. నేను చెవులు మూసుకున్నాను. పాప మాత్రం గదిలోంచి వసారాలోకి పరిగెత్తింది.

అప్పటి నుంచీ ఆయనకి అదో పని అయింది. పిల్లాడి నెత్తి మీద నూనె పెట్టినంత శ్రద్ధగా చేసేవారు. మొదట్లో షాపుకి మోసుకెళ్ళేవారు. తర్వాత ఒక చిన్న ఛార్జరు కొనుక్కున్నారు. ఎప్పుడు పెడదామన్నా కరెంటు ఉండేది కాదు. వచ్చిందంటే చేస్తున్న పని వదిలేసి వసారాలోకి పరిగెత్తేవారు. "బ్యాటరీకి విందు భోజనం పనికిరాదు. పూటపూటా ఇంత గంజి పొయ్యాలి" అనేవారు. సన్నగా, ఎక్కువసేపు ఎక్కించాలని ఆయన భాషలో అర్థం.

మాది సముద్రం ఊరు. ఉప్పుగాలికి వైర్లు బిగించే చోట తెల్లగా, ఆకుపచ్చగా పొడి పూసేది. వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో దాన్ని కడిగేవారు. పొడిగుడ్డతో తుడిచి, పాప వాజిలైన్ డబ్బాలోంచి కాస్త తీసి రాసేవారు.

"సోడా అంతా దానికే పోస్తే నేను బజ్జీలెట్టా వెయ్యను?" అని అత్తయ్య అరిచేది. ఆయన లుంగీలు చూసి ఇంకా అరిచేది. యాసిడ్ చుక్క పడ్డ చోటల్లా చిల్లే. దండెం మీద ఆరేస్తే ఎలుకలు కొరికినట్టుండేవి.

ఒకసారి ఆవిడ మంచి చెయ్యబోయింది. బ్యాటరీ పక్కన కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. లోపలి నీళ్ళు ఆ రెండిటి మధ్య ఉండాలి. ఆయన హార్బరుకి వెళ్ళినప్పుడు నీళ్ళు కింద గీత దాటి తగ్గాయని చూసి, ఆవిడ గ్లాసుతో కుళాయి నీళ్ళు పోయబోయింది. అప్పుడే సైకిలు దిగిన మావగారు గుమ్మంలోంచే కేక పెట్టారు.

"ఆగవే! మన బందరు నీళ్ళు మనకే పడవు, దానికి పడతాయటే!"

"నీళ్ళు నీళ్ళే కదా?"

"కాదే. దానికి డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. ఉప్పూ సున్నం ఏమీ లేని నీళ్ళు."

"మనిషి కంటే దానికే మంచినీళ్ళు" అని అత్తయ్య గ్లాసులో నీళ్ళు తులసి మొక్కకి పోసేసింది.

ఇలాంటప్పుడే ఆయన నన్ను పిలిచేవారు. "అమ్మాయ్, ఒకసారి ఈ ఎర్ర వైరు పట్టుకో" అనేవారు. ఇంకోసారి "నా కళ్ళకి ఆనట్లేదు, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూడమ్మా" అనేవారు. పెద్దాయన అడిగారు కదా అని వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేవారు. "విప్పేటప్పుడు మైనస్ ముందు. బిగించేటప్పుడు ప్లస్ ముందు. తిరగేశావనుకో, పానా తగిలి నిప్పులు రాలతాయి." నేను ఊ కొట్టేదాన్ని. గదిలో కంటే వసారాలో గాలి బాగుందని మెల్లగా తెలిసింది. కొన్నాళ్ళకి ఆయన పిలవకుండానే వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను.

ఏడాది తిరిగాక ఒక పని సంగతి వచ్చింది. చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు ఒకటి బందరులో ఉంది. దాన్ని నడిపే ఆయనకి మా ఆయన తెలుసు. ఇంటర్‌లో బైపీసీ చదివిన మనిషి కావాలని ఆయన కబురు చేశారు. మావగారు సైకిలు మీద, నేను రిక్షాలో వెళ్ళాం. ల్యాబాయన నా చదువు గురించి అడిగి సరేనన్నారు. తర్వాత అసలు విషయానికి వచ్చారు.

"చూడమ్మా, ఇక్కడ కూర్చుని చేసేది సగం పనే. పొద్దున్నే చెరువుల దగ్గరికెళ్ళి నీళ్ళు పట్టుకురావాలి. పెడన, కృత్తివెన్ను, అవసరమైతే కోడూరు దాకా. ఆలస్యమైతే శాంపిలు పనికిరాదు. బండి నడుపుతావా?"

రాదండీ అనడానికి నోరు తెరిచాను.

"నడుపుద్దండీ" అన్నారు మావగారు.

"గేర్ల బండా?"

"గేర్ల బండే. సెల్ఫుంది. కిక్కు కొట్టే పన్లేదు."

"అయితే ఒకటో తారీకున వచ్చెయ్యండి" అన్నారాయన.

బయటికి రాగానే ఆయనకి అడ్డం నిలబడ్డాను. "మావయ్యా, నాకు బండి రాదుగా!"

"ఒకటో తారీకుకి ఇంకా టైముంది. వచ్చుద్ది."

"ఎవరు నేర్పుతారు?"

"నేను."

"మీకూ రాదుగా!"

ఆయన సైకిలు స్టాండు తీశారు. "సైకిలు ఇద్దరికీ వచ్చుగా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. రిక్షా అతను తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. మా ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చి, "ఇన్నాళ్ళూ బండి నాకోసం ఉంచారా?" అని అడిగాను.

"మరెవరికి? మీ అత్తకా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "వాడి గుర్తుకైతే ఫోటో ఉందమ్మా. ఫోటోకి ఛార్జింగెట్టక్కర్లేదు" అన్నారు.

మంగినపూడి వెళ్ళే దారిలో ఉప్పునేల ఒకటి ఖాళీగా ఉండేది. అక్కడే నా బడి. మెకానిక్కు దగ్గర నేర్చుకున్నదంతా ఆయన పాఠంలా అప్పజెప్పేవారు. "ముందు లైటు ఆపు. క్లచ్చి పట్టు. ఇప్పుడు మీట నొక్కు. అయిదు లెక్కెట్టేలోపు వదిలెయ్యాలి. అంటుకోలేదా, కాసేపాగి మళ్ళీ నొక్కు. అదే పనిగా నొక్కితే ఉన్న ఛార్జింగంతా తాగేసుద్ది." బండి కదలగానే లుంగీ పైకి ఎగగట్టి, వెనక హ్యాండిలు పట్టుకుని పరిగెత్తేవారు, పిల్లలకి సైకిలు నేర్పినట్టు. రెండో గేరు పడేసరికి ఆయన వెనక ఎక్కడో ఉండిపోయేవారు. అక్కడి నుంచే "క్లచ్చీ! క్లచ్చీ!" అని అరిచేవారు.

ఒకరోజు పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. ఆయన రొప్పుతూ వచ్చి నన్ను లేపి, చేతులూ కాళ్ళూ ఆడించి చూశారు. ఏమీ కాలేదని రూఢి చేసుకున్న మరుక్షణం బండి వైపు తిరిగారు. "ముందు దాన్ని లేపాలి. పక్కకి పడుంటే యాసిడ్ కారిపోద్ది!" నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇద్దరం కలిసి బండి లేపుతుంటే ఆ కోపమూ పోయింది.

మావగారి అన్నయ్య మళ్ళీ వచ్చారు. "ఇంటి కోడల్ని మోటార్ సైకిలెక్కిస్తావా? నలుగురూ ఏమంటారు? పడి కాలో చెయ్యో విరిగితే?"

"నిన్న పడింది అన్నయ్యా. లేచింది కూడా" అన్నారు మావగారు.

అంతవరకూ ఆ విషయంలో అత్తయ్య అవునని గానీ కాదని గానీ అనలేదు. మావగారి అన్నయ్య వెళ్ళిపోయాక ట్రంకు పెట్టె తెరిచి రెండు గుడ్డలు తీసి నా ఒళ్ళో పడేసింది. "చుడీదార్లు కుట్టించుకో. చీర కుచ్చిళ్ళు చక్రంలో పడితే ఎవరిది పూచీ?" అంది.

ఒకటో తారీకు నుంచీ పనిలోకి వెళ్ళాను. మొదట్లో చెరువుల దగ్గర కూలీలు పని ఆపి చూసేవారు. తర్వాత అలవాటు పడ్డారు. ఇంట్లో బ్యాటరీ పని మాత్రం మావగారిదే. ఆదివారం నేను బట్టలు ఉతుక్కుంటుంటే ఆయన బండి పక్క డబ్బా తెరిచి కూర్చునేవారు. "రోజూ తిరుగుతుంటే అదే ఛార్జింగవుద్ది, ఇంక మనం పెట్టక్కర్లేదు" అని చెప్పేవారు గానీ, నీళ్ళు చూడటం, తుడవడం మానలేదు.

ఆ పని నా చేతికి వచ్చిన రోజు బాగా గుర్తుంది. వానాకాలం. కోడూరు అవతల ఒక చెరువులో తెల్లవారేసరికి రొయ్యలు పైకి తేలుతున్నాయని రైతు ఫోను చేశాడు. వెళ్ళి నీళ్ళు పట్టాను. తిరిగి బండెక్కి మీట నొక్కితే టిక్కుమంది. లైట్లు వెలిగి ఆరిపోయాయి. రైతు చెరువు వైపూ బండి వైపూ చూశాడు. ఆ చెరువులో అతని ఏడాది కష్టం ఉంది.

"కిక్కు కొడతానమ్మా, తప్పుకోండి" అన్నాడు. కొట్టాడు. రెండుసార్లు అంటుకుని ఆగిపోయింది. నాకు మావగారికి ఫోను చేద్దామనిపించింది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. అంతలో, ఆయనైతే ముందు ఏం చూస్తారు అనుకున్నాను. పక్క డబ్బా తెరిచాను. ప్లస్ వైపు వైరు వేలు తగిలితేనే కదులుతోంది. చుట్టూ తెల్లటి పొడి. వానల్లో నాలుగు వారాలుగా ఆదివారాలు కూడా నేను దీవిసీమ ఉప్పుగాలిలోనే తిరుగుతున్నాను, మావగారి చేతికి బండి చిక్కలేదు మరి.

కాపలా మనిషి పాకలో టీకి నీళ్ళు కాగుతున్నాయి. అడిగి తెప్పించాను. మైనస్ ముందు విప్పి, తర్వాత ప్లస్ విప్పి, తడిగుడ్డతో తుడిచి, పానా అంచుతో గీకాను. చున్నీతో పొడిగా ఒత్తాను. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లకి రాసే గ్రీజు ఉంటే కాస్త రాసి, ప్లస్ ముందు బిగించి, తర్వాత మైనస్ బిగించాను. లైటు ఆపి, మీట నొక్కాను. బండి మోగింది. శాంపిలు వేళకి ల్యాబుకి చేరింది. ఆ చెరువు నిలబడింది. వారం తర్వాత ఆ రైతు తన బండి కూడా ఒకసారి చూడమ్మా అని అడిగాడు.

ఆ సాయంత్రం మావగారికి చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకి వంగి పరీక్ష పెట్టినట్టు అడిగారు.

"మైనస్ ముందు విప్పావా?"

"విప్పాను."

"బిగించేటప్పుడు?"

"ప్లస్ ముందు."

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"మీరు ఏం చెప్తారో తెలుసుగా మావయ్యా."

ఆయన వెనక్కి వాలారు. పక్కన కూర్చున్న పాప జుట్టు నిమిరారు. ఆదివారం వచ్చింది. డబ్బా తెరవలేదు. కుర్చీలోంచే, "నీళ్ళు చూశావా?" అని అడిగారంతే.

కొన్నేళ్ళకి ఆ బ్యాటరీ కాలం తీరింది. ఈసారి నీళ్ళు పొయ్యక్కర్లేని సీలు బ్యాటరీ తెచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూతలు లేవని నొచ్చుకున్నారు. మర్నాడు నాతో షాపుకొచ్చి మరీ అడిగారు. "మరి దీనికి మేమేం చెయ్యాలయ్యా?"

"ఏం చెయ్యక్కర్లేదండీ. వైర్లు శుభ్రంగా ఉంచుకోవడం, రోజూ నడపడం."

"నడపటమైతే మా కోడలు నడుపుద్ది" అన్నారు, ఆ ఒక్క షరతుకీ ఒప్పుకుంటున్నట్టు.

కొడుకు పోయాక అన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ ఆ బండి ఎక్కలేదు. ఎక్కండి మావయ్యా అంటే "నాకు సైకిలుంది" అనేవారు. హార్బరు నుంచి ఆయన్ని సాయంత్రాలు కొడుకే వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేవాడని నాకు తెలుసు. అందుకే బలవంతపెట్టలేదు. మోకాళ్ళ నొప్పులతో సైకిలు మానేశాక, పోయిన చలికాలంలో, ఆయనే అడిగారు. "నాగాయలంకలో మా అక్కకి ఒంట్లో బాగోలేదంట. తీసుకెళ్తావా?"

చల్లపల్లి దాకా సీటు వెనక హ్యాండిలు పట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత ఒక చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. "వాడు ఇంకా స్పీడుగా నడిపేవాడు" అన్నారు చెవి దగ్గర. కొడుకు మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. కొంచెం దూరం పోయాక, "నువ్వే బాగా నడుపుతున్నావు" అన్నారు.

పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుంటే బండి ఆపమన్నారు. దిగి, కుంటుకుంటూ పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూశారు. వల సర్దుకుంటూ ఒకతను పడవ మీద వస్తున్నాడు. ఎవరో ఏమో తెలియదు.

"ఎవురయ్యా పైన?" అని అతను కేకేశాడు.

"బందరు నించి! మా కోడలు తీసుకొచ్చింది! మోటార్ సైకిల్ మీద!"

అతను వినబడలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. మావగారు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి మళ్ళీ అరిచారు. అప్పటికే పడవ వంతెన కిందికి వెళ్ళిపోయింది. ఆయన ఊరుకోలేదు. చెయ్యెత్తి వచ్చే లారీని ఆపి, రోడ్డు దాటి, అవతలి పిట్టగోడ మీదికి వంగారు. ముందు పడవ ముక్కు బయటికొచ్చింది, తర్వాత వల కుప్ప, ఆ తర్వాత ఆ మనిషి. అతను అప్పటికే తల పైకెత్తి ఆయన కోసం చూస్తున్నాడు.